గోడకు ఇవతల పెరిగిన పిల్లలు

బెంగళూరు శేషాద్రి రోడ్డు మీద ఇప్పుడు ఫ్రీడమ్ పార్క్ ఉన్న స్థలంలో 2000 సంవత్సరం దాకా సెంట్రల్ జైలు ఉండేది. 1860లలో కట్టిన జైలది. నడుమ కాపలా బురుజు, అక్కడి నుంచి చూపు ఆనేలా అమర్చిన బ్యారక్‌లు, చుట్టూ ఎత్తయిన ప్రహరీ. నగరం పెరిగి జైలు ఊరి నడిబొడ్డున ఇరుక్కుపోయాక, ఖైదీలను దక్షిణాన హోసూరు రోడ్డుకు చేరువలో ఉన్న పరప్పన అగ్రహారానికి తరలించారు. పాత ఆవరణను మాథ్యూ అండ్ ఘోష్ అనే ఆర్కిటెక్టుల సంస్థ పార్కుగా తీర్చిదిద్దింది. 2008లో జనానికి తెరిచారు. వాకింగ్‌కు వచ్చేవాళ్లూ ధర్నాకు కూర్చునేవాళ్లూ ఇప్పుడు అక్కడ నిత్యం కనిపిస్తారు.

ఈ జైలు కథ చెప్పేవాళ్లు తప్పకుండా 1975 దగ్గర ఆగుతారు. పార్లమెంటరీ కమిటీ పని మీద బెంగళూరు వచ్చిన అటల్ బిహారీ వాజ్‌పేయి, ఆడ్వాణీ, మధు దండవతే, శ్యామ్ నందన్ మిశ్రాలను ఎమర్జెన్సీ విధించిన మర్నాడే, జూన్ 26న, అరెస్టు చేసి ఇక్కడ ఉంచారు. ఆ పేర్లు చరిత్ర పుస్తకాలకు ఎక్కాయి. వాళ్లతో పాటు, వాళ్లకు ముందూ వెనకా, ఆ గేటు దాటి లోపలికి వెళ్లిన పేరులేని మనుషులు వేలల్లో ఉన్నారు. అందులో చాలామందికి పిల్లలున్నారు. నాన్న లోపల ఉన్న రోజుల్లో ఆ పిల్లలు ఏం తిన్నారు, ఎలా నిద్రపోయారు, పెద్దయ్యాక వాళ్ల ఒళ్లు ఎలా ఉంది? నూట ముప్పై ఏళ్లకు పైగా నడిచిన ఆ జైలు ఈ ప్రశ్న ఎవరినీ అడగలేదు.

ఖైదీ ఒంటి గురించి మాత్రం జైలుకు పట్టింపు ఉండేది. 1894 నాటి జైళ్ల చట్టం లోపలికి వచ్చిన ప్రతి మనిషి ఆరోగ్యస్థితినీ రాసిపెట్టమంది. ఒంటి మీది గాయాలను, గుర్తులను నమోదు చేయమంది. కష్టం చేసే ఖైదీని కనీసం పదిహేను రోజులకొకసారి తూచి, ఆ బరువును అతని 'హిస్టరీ టికెట్' మీద ఎక్కించాలని 35వ సెక్షన్ చెప్పింది. ఆ అట్టముక్క ఖైదీతో పాటే తిరిగేది. పని వల్ల ఆరోగ్యం చెడుతోందని డాక్టరు అంటే, పని మార్చాలి. వలస ప్రభుత్వానికి ఖైదీల మీద ప్రేమ పొంగి రాసిన నియమం కాదిది. జైల్లో చావులు ఎక్కువైతే జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. ఏదైతేనేం, ఖైదీ దేహం సర్కారు బాధ్యత అని చట్టం ఒప్పుకుంది. అతని సంపాదన మీద బతికిన పసివాడి బరువు తూచే బాధ్యత ఎవరిదో మాత్రం ఏ సెక్షనూ చెప్పలేదు.

పిల్లలు గోడ లోపలికీ వెళ్లారు. తెలుగువాళ్లకు ఆ జ్ఞాపకం స్వాతంత్ర్యోద్యమంలో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో సత్యాగ్రహం చేసిన ఆడవాళ్లను రాయవెల్లూరు జైలుకు పంపేవారు. క్విట్ ఇండియా రోజుల్లో నాస్తికవాది గోరా సహచరి సరస్వతి తన చిన్నకొడుకు నియంతను వెంటబెట్టుకునే జైలుకు వెళ్లారు. అలాంటి తల్లులను ఊరు పూలదండలతో సాగనంపింది, వెనక్కి వచ్చాక హారతులిచ్చింది. జైలుకెళ్లిన అమ్మ గురించి తలెత్తుకుని చెప్పుకోగలగడం ఆ పిల్లలకు దక్కింది. దొంగతనం కేసులోనో, సారా కేసులోనో, ఇంట్లో జరిగిన హత్య కేసులోనో పట్టుబడిన తల్లి బిడ్డకు అది ఏనాడూ దక్కలేదు.

పేరూ పలుకుబడీ ఉన్న ఇంటిని సైతం జైలు ఎంతగా దెబ్బతీస్తుందో బెంగళూరు 1976లో చూసింది. స్నేహలతా రెడ్డి తెలుగు ఇంటి కోడలు. భర్త పట్టాభిరామిరెడ్డి నెల్లూరువాడు, 1939లో 'ఫిడేలు రాగాల డజన్'తో తెలుగు కవిత్వాన్ని కుదిపినవాడు, 'పెళ్లినాటి ప్రమాణాలు' తీసిన జయంతి పిక్చర్స్ భాగస్వామి. ఆయనే 1970లో కన్నడంలో 'సంస్కార' తీశారు. ఆ ఏడాది జాతీయ ఉత్తమ చిత్రంగా నిలిచిన ఆ సినిమాలో చంద్రి పాత్ర స్నేహలతది. దంపతులిద్దరూ సోషలిస్టులు, జార్జి ఫెర్నాండెజ్‌కు ఆప్తులు. ఫెర్నాండెజ్ తదితరుల మీద పెట్టిన బరోడా డైనమైట్ కేసు పేరుతో 1976 మే 2న ఆమెను అరెస్టు చేసి బెంగళూరు సెంట్రల్ జైల్లో పెట్టారు. చివరికి దాఖలైన చార్జిషీటులో ఆమె పేరు లేదు. అయినా ఎనిమిది నెలలకు పైగా లోపలే ఉంచారు.

ఆమెకు తీవ్రమైన ఉబ్బసం ఉంది. గాలి సరిగా ఆడని గది, వేళకు అందని వైద్యం. జబ్బు ముదిరి ఇక ఒళ్లు నిలవదని తేలాక 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. జనవరి 20న ఆమె చనిపోయారు. ఇంటికి వచ్చి ఐదు రోజులే.

జైల్లో రాసుకున్న డైరీ అదే ఏడాది పుస్తకంగా వచ్చింది. లోపలికి వెళ్లేటప్పుడు ఒంటిమీద బట్టలు విప్పించి చేసే తనిఖీ అవమానం, సాధారణ మహిళా ఖైదీల దుస్థితి అందులో ఉన్నాయి. ఆమె పిల్లలు నందన, కోణార్క్ అప్పటికే పెద్దవాళ్లు. కోణార్క్ గిటార్ విద్వాంసుడిగా పేరు తెచ్చుకున్నారు. నందన పనిచేసే పిల్లల హక్కుల కోసం బెంగళూరులో 'కన్సర్న్‌డ్ ఫర్ వర్కింగ్ చిల్డ్రన్' సంస్థను నిలబెట్టారు. వాళ్ల చుట్టూ స్నేహితులున్నారు, రచయితలున్నారు, తల్లి పేరును గౌరవంగా తలిచే నగరం ఉంది. ఇవేవీ లేని ఇల్లు ఎలా తట్టుకుంటుంది?

పరప్పన అగ్రహారం జైలుకు వచ్చే ములాఖత్ కుటుంబాల్లో తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు. అనంతపురం, కర్నూలు, చిత్తూరు జిల్లాల నుంచి బేల్దారీ పనికీ, రాళ్లు కొట్టే పనికీ, డ్రైవర్లుగానూ బెంగళూరు చేరిన కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. ఆ దారిన ఒక తల్లి ఇద్దరు పిల్లలతో ములాఖత్‌కు రావాలంటే ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలవుతాయి, బడి ఎగ్గొట్టాలి. గుర్తింపు కార్డు చూపి, పేరు రాయించుకుని, వరసలో నిలబడితే దొరికేది కాసేపు మాట. నాన్న కనిపిస్తాడు, అందడు. ఇంటికి వెళ్లాక ఇరుగుపొరుగు అడిగితే నాన్న దుబాయ్‌లో ఉన్నాడనో, ముంబైలో పనికి కుదిరాడనో చెప్పమని పిల్లలకు నేర్పుతారు. ఆ అబద్ధాన్ని రోజూ కాపాడుకోవడమే ఒక ఒత్తిడి. స్నేహితుణ్ని ఇంటికి పిలవలేడు, టీచరుకు చెప్పుకోలేడు.

ఈ పిల్లల విషయంలో దేశం మొత్తానికీ వర్తించే తీర్పు తెలుగు నేలకు సంబంధించిన కేసు నుంచే వచ్చింది. 1994లో వేసిన 'ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' రిట్ పిటిషన్ పన్నెండేళ్లు నడిచింది. తల్లులతో పాటు జైళ్లలో ఉంటున్న పిల్లల పరిస్థితి మీద సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న తీర్పు చెప్పింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి వై.కె. సభర్వాల్ ధర్మాసనం ముందుకు వచ్చిన అధ్యయనాలు చదివితే మనసు కలుక్కుమంటుంది. మహిళా బ్యారక్‌లోనే పుట్టి పెరిగిన కొందరు మగపిల్లలు తమ గురించి తాము ఆడవాళ్ల మాదిరిగా స్త్రీలింగంలో మాట్లాడుకునేవారు. తల్లితో కోర్టుకు వెళ్లే దారిలో రోడ్డు మీద జంతువు కనిపిస్తే బెదిరిపోయేవారు. ఇల్లంటే ఏమిటో వాళ్లకు తెలియదు. తిండి చాలదు, పిల్లల డాక్టరు ఉండడు.

కోర్టు ఇచ్చిన ఆదేశాలు స్పష్టంగా ఉన్నాయి. తల్లితో ఉన్నంత మాత్రాన బిడ్డను ఖైదీలా చూడకూడదు. తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆట వాళ్ల హక్కు. వీలైనంత వరకు కాన్పు జైలు బయటి ఆసుపత్రిలో జరగాలి. ఎక్కడ జరిగినా జనన నమోదులో పుట్టిన చోటు జైలని రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలి. మూడేళ్లలోపు వాళ్లకు శిశు సంరక్షణ కేంద్రం, ఆరేళ్లలోపు వాళ్లకు నర్సరీ ఉండాలి, వీలైతే గోడ బయటే. పిల్లల ఎదుగుదలను లేడీ డాక్టరు క్రమం తప్పకుండా పరీక్షించాలి. అంటే ఖైదీ బరువు తూచమని 1894లో రాసిన దేశం, ఖైదీ బిడ్డ ఎదుగుదలను చూడమని చెప్పడానికి 112 ఏళ్లు పట్టింది.

ఆరేళ్లు నిండాక బిడ్డ తల్లిని వదలాలి. తల్లి కోరిన బంధువుల దగ్గరికో, సంక్షేమ శాఖ హాస్టల్‌కో వెళ్లాలి. ఆ హాస్టల్ వీలైతే అదే ఊళ్లో ఉండాలని, తల్లిని చూసే వీలు కల్పించాలని కూడా కోర్టు చెప్పింది. అయినా ఆ బిడ్డకు అది రెండో ఎడబాటు. మొదట బయటి లోకం పోయింది, ఇప్పుడు అమ్మ పోయింది.

ఈ తీర్పు మేలు చేసింది గోడ లోపలి పిల్లలకు. జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలో 1,537 మంది మహిళా ఖైదీలతో 1,764 మంది పిల్లలు జైళ్లలో ఉన్నారు. అదే రోజున మొత్తం ఖైదీలు 5,73,220 మంది. వాళ్లకు బయట ఉన్న పిల్లలు ఎందరో ఆ నివేదికలో ఉండదు. ఆ ఖైదీల్లో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, విచారణ ఖైదీలు. నేరం ఇంకా రుజువు కాలేదు. ష్యూరిటీ ఇచ్చే మనిషి దొరక్క బెయిల్ వచ్చీ బయటికి రాలేనివాళ్లు వీళ్లలో ఉన్నారు. వాళ్ల పిల్లల కడుపు కాలడం మాత్రం తీర్పు కోసం ఆగదు.

ఆ కాలడం ఒంట్లో ఎంతకాలం ఉంటుందో వైద్యశాస్త్రం ఆలస్యంగా పట్టించుకుంది. అమెరికాలోని శాన్ డియేగోలో కైసర్ పర్మనెంటె ఆరోగ్య పరీక్షల కేంద్రానికి వచ్చిన 9,508 మంది పెద్దవాళ్లను విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ అండా బృందం వాళ్ల బాల్యం గురించి అడిగింది. కొట్టారా, తిట్టారా, ఇంట్లో తాగేవాళ్లున్నారా, ఇంట్లో ఎవరైనా జైలుకు వెళ్లారా అని. 1998లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం ఇలాంటి కష్టాలు ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, కాలేయ వ్యాధి, కేన్సర్ అంతగా పెరిగాయి. నాలుగు రకాలు లేదా అంతకు మించి అనుభవించినవాళ్లలో మద్యపాన వ్యసనం, మాదకద్రవ్యాలు, దిగులు, ఆత్మహత్యాయత్నం ముప్పు నాలుగు నుంచి పన్నెండు రెట్లు కనిపించింది.

తర్వాత పరిశోధకులు జైలు ప్రభావాన్ని విడిగా చూశారు. 2013లో 'పీడియాట్రిక్స్' పత్రికలో రోజలిన్ లీ బృందం అచ్చువేసిన అధ్యయనం దాదాపు 14,800 మంది అమెరికన్ యువతను పరిశీలించింది. పదహారు ఆరోగ్య సమస్యల్లో ఎనిమిదింటికి, చిన్నప్పుడు తల్లో తండ్రో జైల్లో ఉండటంతో సంబంధం కనిపించింది. దిగులు, ఆందోళన, భయానక అనుభవం తర్వాత మిగిలే మానసిక గాయం వాటిలో ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. ఉబ్బసం, కొలెస్ట్రాల్, మైగ్రేన్ తలనొప్పి, హెచ్‌ఐవీ, మొత్తంగా ఒంట్లో బాగుండకపోవడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 2018లో నియా హెర్డ్-గారిస్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ఈ పిల్లలు పెద్దయ్యాక అవసరమైనా డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఉండిపోవడం, పొగతాగడం ఎక్కువ. ముఖ్యంగా తల్లి జైలుకెళ్లిన ఇళ్లలో ఇది మరింత. సర్కారు గుమ్మం ఏదైనా సరే, తలుపు తట్టడానికే జంకే అలవాటు పసితనంలోనే పడిందేమో అనిపిస్తుంది.

ఒంట్లో జరిగేది ఇదీ. భయం వేసినప్పుడు కార్టిసాల్, అడ్రినలిన్ ఎక్కుతాయి, గుండె వేగం, రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. ప్రమాదం దాటాక అన్నీ సర్దుకోవాలి. రాత్రి తలుపు కొట్టిన పోలీసులు గుర్తొస్తూ, రేపటి అద్దె సంగతి తల్లి ముఖంలో కనిపిస్తూ, బడిలో ఎవరికి తెలిసిపోతుందోనని బెదురుతూ బతికే పిల్లవాడికి ఆ సర్దుకోవడం పూర్తిగా జరగదు. నెలల తరబడి ఆపకుండా తోలిన బోరు మోటారులా దేహం అరిగిపోతుంది. నరాల శాస్త్రవేత్త బ్రూస్ మెక్‌యూవెన్ 1990లలో ఈ అరుగుదలను లెక్కగట్టే దారి చూపారు. రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పి ఒంట్లో సన్నని వాపు కొనసాగుతుంది. గుండెజబ్బుకూ షుగర్‌కూ అక్కడ పునాది పడుతుంది.

ఇవన్నీ హార్మోన్ల పనే అనుకుంటే పొరపాటు. సంపాదించే మనిషి పోతే ఇంట్లో ముందు మానేసేది పాలు, గుడ్లు, పప్పు. ఇల్లు మారతారు, బడి మారుతుంది, లేదా ఆగుతుంది. పిల్లలు అమ్మమ్మ దగ్గరికి చేరతారు, ఆమె మందులకే డబ్బుండదు. లాయరు ఫీజుకు ఉన్న బంగారం తాకట్టుకు పోతుంది. టీకా తేదీ ఎవరికీ గుర్తుండదు.

ఒక జాగ్రత్త ఇక్కడ అవసరం. జైలుకెళ్లే వాళ్ల ఇళ్లు అంతకుముందే పేదవి, కొన్నిచోట్ల హింసతో నిండినవి. ఏ జబ్బుకు జైలు కారణం, ఏ జబ్బుకు పేదరికం కారణం అని తేల్చడం కష్టం. మంచి అధ్యయనాలు ఆదాయం, చదువు, ఇంటి పరిస్థితులను లెక్కలోంచి వేరు చేసే ప్రయత్నం చేశాయి. ఆ తర్వాతా సంబంధం మిగిలింది. ఇంట్లో కొట్టే తండ్రి జైలుకు పోతే ఊపిరి పీల్చుకునే పిల్లలూ ఉన్నారు. ఇవన్నీ గుంపుల మీద కట్టిన లెక్కలు. ఫలానా ఖైదీ కూతురికి జబ్బు రాసిపెట్టి ఉందని వీటిలో ఏదీ చెప్పదు. నమ్మకమైన ఒక్క పెద్దమనిషి పక్కన నిలిస్తే, బడి ఆగకపోతే, తిండి తగ్గకపోతే పిల్లలు కోలుకుంటారు.

బెంగళూరులో ఆ పని చేస్తున్నవాళ్లు ఉన్నారు. రిజర్వ్ బ్యాంకులో పనిచేసిన ఒక ఉద్యోగి 1990ల చివర మొదలుపెట్టిన 'సొకేర్' సంస్థ ఖైదీల పిల్లలకు ఇల్లూ చదువూ ఇస్తోంది. బంధువులు కూడా తీసుకెళ్లడానికి వెనకాడిన పిల్లలు అక్కడ పెరిగి డిగ్రీలు చేశారు. ఢిల్లీ ప్రభుత్వం 2014లో ఖైదీల పిల్లలకు నెలవారీ ఆర్థిక సాయం పథకం తెచ్చింది.

బెంగళూరు నగరానికి ఉన్న వైద్య బలం తక్కువేమీ కాదు. పరప్పన అగ్రహారం జైల్లోని 5,024 మంది ఖైదీలను మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నిపుణులు పరీక్షించి 2011లో నివేదిక ప్రచురించారు. వ్యసనాలతో కలిపితే నూటికి 79 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని, వ్యసనాలు తీసేసినా నూటికి 27 మందికి పైగా ఉందని తేలింది. మనదేశంలో ఒక జైలును ఇంత లోతుగా చూసిన అధ్యయనాలు అరుదు. ఆ ఐదువేల మంది ఇళ్లలోని పిల్లలను కూడా అదే శ్రద్ధతో, పదేళ్లూ ఇరవై ఏళ్లూ వెంట ఉండి చూసే పరిశోధన కావాలి. అమెరికా లెక్కలు మనకు దారి చూపుతాయి. కానీ ఉమ్మడి కుటుంబం, అమ్మమ్మ ఇల్లు, మధ్యాహ్న భోజనం, కులం, పరువు ఉన్న చోట నష్టం వేరే రూపంలో ఉంటుంది, అండ కూడా వేరే చోట దొరుకుతుంది.

మొదలుపెట్టాల్సిన చోటు జైలు గేటు దగ్గరి రిజిస్టరు. 2010లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమాల్లో మూడోది, లోపలికి వచ్చే ప్రతి మహిళకూ ఎందరు పిల్లలున్నారో, వాళ్ల పేర్లు, వయసులు, ఆమెతో లేకపోతే ఎక్కడ ఎవరి సంరక్షణలో ఉన్నారో రాసుకోమంటుంది. పిల్లలను ఎవరికైనా అప్పగించే ఏర్పాటు చేసుకునేందుకు తల్లికి వ్యవధి ఇవ్వాలని రెండోది చెబుతుంది. తండ్రులను కూడా కలిపి ఇలాంటి శ్రద్ధే తీసుకోవాలని ఐరోపా మండలి 2018లో తన సభ్యదేశాలకు సిఫార్సు చేసింది. మన జైళ్లలో మగ ఖైదీలే అత్యధికులు కాబట్టి తండ్రుల గురించిన ఆ మాట మనకు ఇంకా ముఖ్యం. రిజిస్టరులో నాలుగు గడులు పెంచి, రాసుకున్న చిరునామాను జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కూ, ఆ ఊరి అంగన్‌వాడీకీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ గోప్యంగా పంపితే చాలు. తండ్రి పరప్పన అగ్రహారంలో ఉన్న హిందూపురం పిల్లవాడి ఇంటికి ఆశా కార్యకర్త ఆ నెలలోనే వెళ్లగలదు, టీకా కార్డు చూడగలదు, బరువు తూచగలదు.